రాతి మీద పదో పేరు

"ఆయన పేరు రాయించొద్దు."

మా అత్తగారు మార్గెడ్ ముందుగది తలుపు తీసుకుని వచ్చి చెప్పిన మాట అదొక్కటే. ఆ తరువాత కర్ర టకటకలాడించుకుంటూ వంటగదిలోకి వచ్చి, పొయ్యి పక్కన తన కుర్చీలో కూర్చుని, నోరు కుట్టేసుకున్నట్టు ఊరుకుంది.

ఆవిడ వెనకాలే మా అమ్మాయి నెరిస్ వచ్చింది, టేపు రికార్డరును చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని. పిల్ల మొహం పాలిపోయింది.

"నేనేం అనలేదమ్మా. తాతయ్య ఎలా బయల్దేరాడో చెప్పు నాయనమ్మా అన్నాను. అంతే."

నేను ముందు అత్తగారి పెదవులు చూశాను. ఆవిడకి ఎనభై ఒకటి. కిందటి చలికాలం ఛాతీలో నెమ్ము చేరినప్పుడు పెదవులు నీలంగా మారాయి. ఇప్పుడు ఎర్రగానే ఉన్నాయి. కోపంగా ఉన్న మనిషికి ఏమీ కాదులే అనుకున్నాను. వెంటనే, పక్కింటి బ్లాడ్వెన్ వాళ్ళాయనకి కోపంలోనే గుండె ఆగిందని గుర్తొచ్చింది.

గడియారం పదకొండు కొట్టింది. సాయంత్రం అయిదింటికల్లా పేర్ల జాబితా రాతిపని చేసే ప్యూ గారికి అందాలి. గనికార్మికుల సంఘభవనం గోడకి బిగించే పలక అది. యాభై ఆరేళ్ళ కిందట మా బొగ్గుగనుల లోయనుంచి, స్పెయిన్ అంతర్యుద్ధంలో అక్కడి జనం పక్షాన పోరాడడానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళు పదిమంది. ఆ పదిమంది బతుకుల మీదే రెండేళ్ళుగా మా అమ్మాయి చదువు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు సరేనని సంతకాలు పెట్టేశారు.

పదో ఇల్లు మాది.

వెనక తలుపు తోసుకుని మా ఆయన ఐవర్ వచ్చాడు, బకెట్టు నిండా చిక్కుళ్ళతో. మా ముగ్గురి మొహాలూ చూసి గడపలోనే ఆగిపోయాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. మీ నాన్నగారి పేరు రాతి మీద వద్దంటున్నారు అత్తయ్య."

బకెట్టు కింద పెట్టాడు. "అమ్మా. ఏంటిది?"

"చెప్పానుగా."

"ఎందుకని?"

"చిక్కుళ్ళు ముదిరిపోయాయి" అంది ఆవిడ బకెట్టులోకి చూస్తూ. "మొన్ననే కోయాల్సింది."

*

నడవలో తండ్రీకూతుళ్ళు గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. మా ఇంట్లో గొంతు తగ్గించి పోట్లాడితే మూడిళ్ళ అవతలిదాకా వినపడదు, రెండిళ్ళ దాకానే.

"నీ చదువు మా అమ్మని మింగేసేలా ఉంది" అన్నాడు ఐవర్.

"పేరు కావాలని నువ్వేగా అన్నావు నాన్నా!"

"కావాలనే అన్నాను. ఇప్పుడూ కావాలనే అంటున్నాను. పదిమంది వెళ్ళారని ఊరందరికీ తెలుసు. తొమ్మిది పేర్లే ఉంటే పదోవాడు ఏం వెధవపని చేశాడో అని అడగరూ? ముప్పయ్యేళ్ళు గనిలో పనిచేశాను నేను. ఏ మాట తేడా వచ్చినా, మీ నాన్న పెళ్ళాన్నీ నిన్నూ వదిలేసి పోయినవాడేగా అనేవాళ్ళు. ఆయన వెళ్ళినప్పుడు నాకు మూడేళ్ళు. నేనేం చెప్పను వాళ్ళకి? ఆ రాయి పడితే నోళ్ళు మూసుకుంటారనుకున్నాను."

నెరిస్ జేబులోంచి ఒక ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టింది. కాలేజీలో దాని పెద్దసారు రాసింది. ఐవర్ కళ్ళజోడు లేకుండా చదవలేడు గనక నేనే చదివాను.

'మీ టేపులన్నీ విన్నాను. పదిమంది పుణ్యపురుషులు కనిపించారు. ఒక్క మనిషీ కనిపించలేదు.'

"పుణ్యపురుషులైతే తప్పేంటట?" అన్నాడు ఐవర్.

"అందరూ ఒకటే మాట్లాడారు నాన్నా. మంచివాడు, నెమ్మదస్తుడు, దేవుడంటే భయం, అన్యాయం చూడలేక వెళ్ళాడు. పేరు మార్చి వినిపిస్తే ఎవరి అన్నో ఎవరి మొగుడో వాళ్ళకే తెలీదు. నాయనమ్మ ఒక్కతే ఏదో నిజం చెప్తుందనుకున్నాను. ఆవిడ అసలు నోరే తెరవలేదు."

ఇద్దరూ చెరో గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇద్దరిదీ ఒకే గడ్డం, ఒకే మొండితనం.

నేను వంటగదిలోకి వచ్చాను గానీ నా బుర్ర ఊరుకోలేదు. పేరు వద్దంటే ఏదో ఉండే ఉంటుంది. మామగారు అక్కడ ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటారు. లేదంటే యుద్ధంలోంచి పారిపోతుంటే సొంతవాళ్ళే కాల్చేసి ఉంటారు. అసలు చచ్చిపోయారని ఎవరు చూశారు? ఎనభై ఐదేళ్ళ ముసలాయన ఒకరు పలక ఆవిష్కరించే రోజున స్పెయిన్ పెళ్ళాంతో మెట్లెక్కి వస్తే, నేను ఎన్ని ప్లేట్లు పెట్టాలి?

*

ఐవర్ మళ్ళీ పెరట్లోకి పోయాడు. నెరిస్ వచ్చి, మేజా మీద టేపు పెట్టె పెట్టుకుని, ఏదో టేపు తిప్పింది. ఎందులో తప్పు జరిగిందో వెతుక్కుంటోంది పాపం. బ్లాడ్వెన్ గొంతు వచ్చింది.

"మా అన్నయ్య చాలా శాంతస్వభావుడు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు. ఆదివారం చర్చి మానలేదు."

పోయిన మంగళవారమే కదా ఈ బ్లాడ్వెన్ మా వంటగదిలో, సరిగ్గా ఈ మేజా దగ్గర కూర్చుని, వాళ్ళన్న పోలీసువాడి టోపీ లాక్కుని దాంతోనే వాడి నెత్తిన మోదిన సంగతి చెప్పి, నవ్వలేక పొట్ట పట్టుకుంది!

"ఇది ఎక్కడ పట్టావే?"

"వాళ్ళింట్లోనే."

"ఏ గదిలో?"

"ముందుగదిలో. మంచి కప్పులు తీసి, కిటికీ తెరలు కూడా సర్దింది."

"మిగతా వాళ్ళు?"

"అందరూ ముందుగదిలోనే కూర్చోబెట్టారమ్మా. ఎందుకు?"

నేను చదువుకున్నది తక్కువ. పధ్నాలుగో ఏట బడి మాన్పించి కొట్లో పెట్టారు. పెద్దసారుకి అందనిది నాకు అందిందంటే నమ్మడానికి భయమేసింది. అయినా చెప్పాను.

"ముందుగదిలో మనం ఎప్పుడు కూర్చుంటాం? పాదిరిగారు వచ్చినప్పుడు. శవపేటిక పెట్టినప్పుడు. ఆ గదిలో ఎవరైనా పోయినవాళ్ళ గురించి నిజం చెప్పగా విన్నావా? అక్కడ కూర్చుంటే నోరు కూడా ఆదివారం బట్టలు వేసుకుంటుంది. నీ టేపుల్లో ఉన్నవన్నీ ముందుగది మాటలే."

"నేనూ ఈ ఊళ్ళోనే పుట్టానమ్మా. నాకు తెలీదా?"

"పుట్టావు గనకే మర్యాదగా అక్కడ కూర్చున్నావు. బయటి ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళయితే బురద కాళ్ళతో వెనక తలుపున వచ్చి వంటగదిలో కూలబడేవాళ్ళు. పదిమంది నిజాలూ దొరికేవి."

పొయ్యి పక్కనుంచి చిన్న దగ్గు వినిపించింది.

"నన్నూ పొద్దున అక్కడే కూర్చోబెట్టింది" అంది మా అత్తగారు, గంట తరువాత మొదటిసారి నోరు విప్పి. "తెల్లగుడ్డ పరిచి, ముందు పెట్టె పెట్టి. శవపేటికకి నాకే కొలతలు తీస్తున్నారేమో అనుకున్నా."

నెరిస్‌కి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ముసలావిడ మూతి కూడా కొంచెం వంకర తిరిగింది. నేను ఇంకేమీ ఆలోచించకుండా టేపు రికార్డరు తీసుకెళ్ళి నడవలో కోట్ల కింద పెట్టి తలుపు మూసేశాను. బకెట్టులో చిక్కుళ్ళు మేజా మీద గుమ్మరించాను.

"నార తీయండి ఇద్దరూ. మధ్యాహ్నానికి ఏమీ వండలేదు."

*

చిక్కుడుకాయకి నార తీయడం నా కూతురికి ఎంత చెప్పినా రాలేదు. రెండు చివరలూ తుంచేసి, అయిపోయిందనుకుంటుంది. మా అత్తగారు మూడు కాయలదాకా ఓర్చుకుంది.

"అలా కాదే. ఇటియ్యి. కొస పట్టుకుని వీపు వెంట లాగాలి. చూడు, దారంలా ఎలా వచ్చిందో. ఇంత చదువు చదివి ఏం లాభం?"

"నువ్వు చేస్తే వస్తుంది నాయనమ్మా. నేను చేస్తే తెగిపోతుంది."

"ఓపిక లేదు నీకు. అచ్చం మీ తాతే. కాదు, ఆయనకి ఓపిక ఎక్కువ. అదే ఆయన జబ్బు."

నెరిస్ చేతులు ఆగాయి. కళ్ళు నడవ తలుపు వైపు పోయాయి. నేను బల్ల కింద దాని కాలు తొక్కాను. అది మళ్ళీ కాయ అందుకుంది.

"ఓపిక ఎక్కువైతే మంచిదేగా" అంది మెల్లిగా.

"మంచిదేంటి! అప్పట్లో మా ఇంకో పక్కింటి షోని, ఆయనా గనిలో ఒకే మూల తవ్వేవాళ్ళు. షోని జూన్ నెలలో వెళ్ళాడు. మీ తాత కూడా వస్తానన్నాడు. సంఘభవనంలో లేచి అందరి ముందూ అన్నాడు. చప్పట్లు కొట్టారు. జూలై అయింది. ఆగస్టు అయింది. రోజూ ఇదిగో ఈ పొయ్యి దగ్గర కూర్చుని పేపరు చదవడం, అక్కడి జనం ఎలా చస్తున్నారో నాకు చెప్పి కళ్ళు తుడుచుకోవడం, వచ్చే వారం వెళ్తాననడం. షోని పెళ్ళాం చర్చిలో నా ముందు వరసలో మెడ నిక్కించుకుని కూర్చునేది. నేను ఆ మెడ వెనక కూర్చుని తల వంచుకునేదాన్ని."

ఆవిడ ఒక్కో కాయ నార ఒక్క లాగులో తీసి పారేస్తోంది.

"సెప్టెంబరులో షోని పోయాడని కబురొచ్చింది. ఆ వేళ సోమవారం. వీధంతా బట్టలుతుకుతున్నాం. షోని పెళ్ళాం ఏడవలేదు. ఈయన లోపల కూర్చుని ఏడుస్తున్నాడు. నాకేం పట్టిందో తెలీదు. ఆయన కోటు, టోపీ తెచ్చి గడప బయట పడేశా. 'వెళ్ళేవాడివైతే వెళ్ళు. లేదంటే ఆ దేశం పేరు ఇంకెప్పుడూ నా పొయ్యి దగ్గర ఎత్తకు' అన్నా. అరిచి అన్నా. వీధి వీధంతా సబ్బుచేతులతో నిలబడి చూసింది."

"తాతయ్య ఏమన్నాడు?"

"ఏమంటాడు? టోపీ దులుపుకుని పెట్టుకున్నాడు. శుక్రవారం బయల్దేరాడు. శని, ఆదివారాలు పారిస్ చూసొచ్చే టిక్కెట్టు అది, దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. 'సోమవారానికి వచ్చేస్తానని ఐవర్‌కి చెప్పు' అన్నాడు. అంతే. అక్కడినుంచి కొండలు దాటి స్పెయిన్‌లోకి వెళ్ళాడు. మళ్ళీ వేసవికి చనిపోయాడు."

నాకు అప్పుడు తెలిసింది, వెనక తలుపు దగ్గర ఐవర్ నిలబడి ఉన్నాడని. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. ఎంతసేపటినుంచి ఉన్నాడో!

మా అత్తగారు కూడా చూసింది. చూసినా ఆగలేదు.

"ఆ రాతి మీద పైన ఏం రాయిస్తున్నారు? 'తమంతట తాముగా వెళ్ళినవారు' అని. ఆ తొమ్మిదిమంది సంగతీ నాకు తెలీదు. ఎమ్లిన్ ప్రోసర్ తనంతట తాను వెళ్ళలేదు. నేను పంపాను. రొట్టెల కొట్టుకి వెళ్ళాలంటే రోజూ ఆ గోడ ముందునుంచే నడవాలి. రాతి మీద చెక్కిన అబద్ధం ముందునుంచి ఎలా నడవను?"

పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. దించడానికి నాకు చేయి రాలేదు.

"నాన్న నన్ను వదిలేసి పోయాడనుకున్నాను" అన్నాడు ఐవర్. "ఇన్నేళ్ళూ."

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా అమ్మా?"

"నేను పంపానని చెప్తే నువ్వు నన్ను వదిలేసేవాడివి. నాకు మిగిలింది నువ్వొక్కడివే."

ఐవర్ ఆ ఒంటి బూటుతోనే పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. చేయి ఎడమ వైపు ఛాతీ మీద పెట్టుకుంటాడేమోనని చూస్తున్నాను. పెట్టుకోలేదు. చిక్కుడు పందిరి కర్రలు నిటారుగానే ఉన్నాయి, అయినా ఒక్కొక్కదాన్నీ పట్టుకుని సరిచేస్తున్నాడు. చివరిదాకా వెళ్ళాడు. మళ్ళీ మొదటి కర్ర దగ్గరికి వచ్చాడు.

తడిసిన మేజోడుతో లోపలికొచ్చి, తల్లి పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక కాయ తీసుకున్నాడు. కొస పట్టుకుని వీపు వెంట లాగాడు.

"ఇవి ముదరలేదు" అన్నాడు.

"ముదిరాయి."

"ముదరలేదమ్మా. టీ పెట్టు ఓల్వెన్, అందరికీ."

నాకు ఏడుపొచ్చింది. టీ పెట్టాను. పొద్దున పెనం మీద కాల్చిన కేకులు నాలుగుంటే అవీ పెట్టాను. ముసలావిడ రెండు తిన్నది. అది చూశాక నా గుండె కొంచెం కుదుటపడింది.

*

కుదుటపడనిస్తుందా నా కూతురు? కప్పు పక్కన పెట్టి మేడమీదికి వెళ్ళి, ఒక కవరు పట్టుకుని దిగింది.

"నాయనమ్మా, ఇది వచ్చి పది రోజులయింది. మాస్కోనుంచి."

"మాస్కోలో మనవాళ్ళెవరున్నారే?" అన్నాను.

"యుద్ధంలో వీళ్ళ కాగితాలన్నీ చివరికి అక్కడికి చేరాయమ్మా. మొన్న మొన్నటి దాకా ఎవరినీ చూడనివ్వలేదు. స్పెయిన్ చేరగానే ఒక్కొక్కరి చేతా ప్రశ్నలకి జవాబులు రాయించుకునేవాళ్ళట. తాతయ్యది దొరికింది. నకలు తీసి పంపారు."

"పది రోజులా? ఇప్పటిదాకా ఏం చేస్తున్నావు?"

అది తల దించుకుంది. "పొద్దున ముందుగదిలో, టేపు తిరుగుతుండగా నాయనమ్మ చేతిలో పెడదామనుకున్నాను."

"ఆవిడ గొంతు ఎలా వణుకుతుందో పట్టుకుందామనా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎప్పుడూ దాన్ని అంత కోపంగా అనలేదు.

"తప్పయిపోయిందమ్మా."

"పోనీలే, తిట్టకు పిల్లని" అంది మా అత్తగారు. చేతులు గౌనుకి తుడుచుకుంది. "చదవండి. నువ్వొద్దు నెరిస్, నువ్వు చదివితే పాఠంలా ఉంటుంది. ఓల్వెన్ చదువుతుంది."

కాగితం నా చేతికొచ్చింది. అచ్చు ప్రశ్నలు. వాటికింద పెన్సిలు రాత, బడిపిల్లాడి రాతలా గుండ్రంగా. మామగారిని నేను చూడలేదు, ఆయన చేతిరాత అదే మొదటిసారి చూడడం. పేరు, ఊరు, పని. నాలుగో ప్రశ్న దగ్గర నా కన్ను ఆగిపోయింది. 'మిమ్మల్ని స్పెయిన్‌కి ఎవరు పంపారు?'

జవాబు చదివాను లోలోపలే.

ఇది పైకి చదివితే ఆవిడ గుండెల మీద బరువు దిగుతుందా? లేక యాభై ఆరేళ్ళు మోసింది నీ బరువే కాదు పొమ్మన్నట్టు ఉంటుందా? ఏది జరిగినా ఈ కుర్చీలోనే ఒరిగిపోతే నేనేం చేయాలి? డాక్టరు బుధవారం మధ్యాహ్నాలు ఉండడు.

"చదువమ్మా" అంది.

"'మిమ్మల్ని ఎవరు పంపారు' అని అడిగారు అత్తయ్యా. 'ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను' అని రాశారు."

ఆవిడ నన్ను చూసింది, కాగితాన్ని చూసింది. ఆ తరువాత మేజా మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. చిక్కుళ్ళు ఎగిరిపడ్డాయి.

"అబద్ధాలకోరు!"

"అమ్మా..." అన్నాడు ఐవర్.

"వీధంతా చూసిందే! ఇరవైమంది ఆడవాళ్ళు చూశారు! నేనే వచ్చానట, నేనే! చూశావా ఐవర్, పోయాక కూడా నా మాట కొట్టేస్తున్నాడు!" కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు మాత్రం నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. ఐవర్ కూడా నవ్వాడు. నెరిస్ నవ్వుతూ ముక్కు చీదుకుంది. ఇంత సంతోషం మా ఇంట్లో ఒక్కసారిగా ఎందుకొచ్చిందా అని నాకు దడ పుట్టింది.

"ఇంకేం రాశాడు?" అంది ఆవిడ.

"చివర్లో ఒకటుంది. 'యుద్ధం అయ్యాక ఎక్కడికి వెళ్తారు?'"

"ఊఁ."

"'ఇంటికి. మార్గెడ్ రానిస్తే.'"

నవ్వు ఆగిపోయింది.

ఆవిడ చేయి చాపింది. కాగితం ఇచ్చాను. ఆవిడకి ఆ అక్షరాలు కనిపించవని నాకు తెలుసు. అయినా చాలాసేపు చూసింది. బొటనవేలితో ఒక వరసని మెల్లిగా నిమిరింది. అది ఆ ఆఖరి జవాబో, వేరే వరసో నేను చెప్పలేదు. మడిచి గౌను జేబులో పెట్టుకుంది. నెరిస్ నోరు తెరవబోయి, అది నకలేగా అనుకుందో ఏమో, మూసుకుంది.

"నా టోపీ తే" అంది మా అత్తగారు.

"ఎక్కడికత్తయ్యా?"

"ప్యూ దగ్గరికి."

"మీరెందుకు? నెరిస్ జాబితా తీసుకుని వెళ్తుందిగా. మామగారి పేరు వేయమనాలో వద్దనాలో ఒక్క మాట చెప్పండి, చాలు."

"ఒక్క మాటతో అయ్యేది కాదు. ఉలి పట్టుకున్నవాడికే చెప్తాను."

"పేరు మాటా అమ్మా, పైన రాసే మాటా?" అన్నాడు ఐవర్, లేచి నిలబడి. "తొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్న మాట అది. నువ్వొక్కదానివీ మార్చమంటే కుదరదు."

"కుదరదని నువ్వు చెప్పకు. మీ నాన్న నా మాట కొట్టేసింది చాలు."

"కారు తీస్తానుండు."

"నడుస్తాను."

మేం ముగ్గురం ఎవరు వెంట వెళ్ళాలని వాదించుకుంటుంటే, వెనక తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, టోపీ కూడా లేకుండా, కర్ర ఊపుకుంటూ వాలు దిగిపోతోంది ముసలావిడ. బ్లాడ్వెన్ తలుపు తీసి ఏదో అడిగింది. ఆవిడ ఆగలేదు, చేత్తో జేబు మీద తట్టి చూపించి ముందుకే నడిచింది. పేరైతే చెక్కిస్తుందని తెలిసిపోయింది గానీ, దాని పైన ఏ మాట చెక్కించబోతోందో నాకు అంతుపట్టలేదు. దారంతా తడి ఆకులు. నేను ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో శాలువా పట్టుకుని, "అత్తయ్యా, మెల్లిగా! మెల్లిగా!" అని అరుస్తూ పరిగెత్తాను.